బడిపిల్లలకు ఒకే దుస్తులు

జూన్ మాసము వచ్చుసరికి మన పట్టణములలో గుడ్డల దుకాణముల ముందు, దర్జీల కుట్టుమిషన్ల ముందు తల్లిదండ్రులు బారులు తీరుట ఏటేట చూచుచునే ఉన్నాము. బడులు తెరవబోవుచున్నవి. నిరుటి చొక్కా ఈ యేటికి పొట్టియైనది. పెద్దవాని నిక్కరు చిన్నవానికి వదులు. ఒక బడిలో నీలిగళ్లు, ప్రక్క బడిలో ఎర్రగీతలు. ఇది తగిన ఖర్చేనా, బడికి పోవు బిడ్డ ఇట్టి దుస్తులే ధరింపవలెనని నిర్బంధించుట న్యాయమేనా అను ప్రశ్న ప్రతి ఇంట ఒకమారైనను వచ్చియే యుండును. కావలెననువారు రెండు మాటలు చెప్పుదురు. కలిగినవాని బిడ్డకును లేనివాని బిడ్డకును భేదము కనబడదనుట ఒకటి. క్రమశిక్షణ అలవడుననుట రెండవది. వలదనువారు వ్యయమును గూర్చియు, బిడ్డల స్వేచ్ఛను గూర్చియు మాటలాడుదురు. ఈ వాదమున దిగుటకు ముందు, అసలీ ఆచారము ఎక్కడ పుట్టినది, ఎవరు ఎవరికి తొడిగిరి అని విచారించుట మంచిదని మాకు తోచినది. అట్లు విచారింపగా తేలునది వింతగా నున్నది. ఐరోపాలో బడిపిల్లల ఒకే వేషము సమత్వము కొరకు కుట్టినది కాదు. భేదమును చూపుటకే కుట్టినది.

1552వ సంవత్సరమున లండను నగరములో క్రైస్ట్స్ హాస్పిటల్ అను సంస్థ ఏర్పడినది. పేరులో హాస్పిటల్ అని ఉన్నను అది వైద్యశాల కాదు. అనాథలకును, నిరుపేదల బిడ్డలకును ఆశ్రయమిచ్చి చదువు చెప్పు స్థలము. ఎనిమిదవ హెన్రీ కాలమున ఇంగ్లండులోని మఠములు మూతపడినవి. వానిలో గ్రేఫ్రయర్స్ అను సన్న్యాసుల మఠ మొకటి. హెన్రీ కుమారుడు ఆరవ ఎడ్వర్డు రాజ్యకాలమున నగర పెద్దలు ఆ పాత కట్టడమును బాగుచేయించి వీధిబాలలను చేర్చిరి. లండను నగర చరిత్రను వ్రాసిన జాన్ స్టో ఒక చిన్న ముచ్చటను భద్రపరచినాడు. ఆ మొదటి యేటి క్రిస్మసు నాటి మధ్యాహ్నము మేయరును, నగర పెద్దలును సెయింట్ పాల్ దేవాలయమునకు గుర్రములపై పోవుచుండగా, దారి పొడవున 340 మంది పిల్లలను వరుసగా నిలబెట్టిరట. అందరికిని ఒకే జేగురు వన్నె ముతక దుస్తులు. మరుసటి ఈస్టరు పండుగ నాటికి ఆ రంగు మారి నీలమైనది. నాటినుండి నేటివరకు నీలమే.

ఆ నీలము ఊరక వచ్చినది కాదు. ఆ కాలమున లండనులో నీలిరంగు చవుక. ఇంటి సేవకులును, పని నేర్చుకొను కుర్రవాండ్రును ధరించు రంగు అది. కాబట్టి ఆ పొడుగు కోటును చూచినంతనే నగరవాసికి రెండు సంగతులు తెలిసెడివి. ఈ బిడ్డ ధర్మముపై బ్రతుకుచున్నాడనునది మొదటిది. ఈ ధర్మము చేసినవారము మనమే యనునది రెండవది. వస్త్రదానము పుణ్యకార్యమే. కాని దాత గుర్తు వేసిన వస్త్రమును బిడ్డ ప్రతిదినము ఒంటిపై మోయుట వేరు సంగతి. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు నిండ ఇట్టి ధర్మబడులు వెలసినవి. కొన్నిటి పిల్లలకు నీలికోట్లు, కొన్నిటి వారికి పచ్చవి, మరి కొన్నిటి వారికి బూడిదరంగువి. కోటు రంగే బడి పేరుగా నిలిచిపోయిన ఊళ్లు పెక్కు కలవు. 1704 మొదలు లండనులో ధర్మబడుల పిల్లలనందరిని ఏటికొకమారు ఒకచోట చేర్చి ప్రార్థన చేయించుట ఆచారమైనది. 1782 నుండి అది సెయింట్ పాల్ దేవాలయపు గోపురము క్రిందనే జరిగినది. వేలకొలది పిల్లలు రంగురంగుల దుస్తులలో మెట్లుమెట్లుగా కూర్చుండి ఒక్క గొంతుతో పాడుచుండగా చందాదారులు వచ్చి చూచెడివారు. 1792లో సంగీత విద్వాంసుడు హేడన్ ఆ గానమును విని కదలిపోయినాడు. విలియం బ్లేక్ కవి ఈ దృశ్యము మీదనే 1789లో ఒక పద్యమును, 1794లో మరియొక పద్యమును ప్రకటించెను. రెంటికి పేరొక్కటే. మొదటి దానిలో ఆ బాలలు పూలవలె కనబడుదురు. రెండవ దానిలో కవి, సంపన్నమైన దేశములో ఇందరు పేదబిడ్డలు ఏల యుండవలెనని అడుగును. యూనిఫారమును గూర్చి నేటికిని మనము చేయుచున్న వాదములో సగము ఆ జంట పద్యములలోనే ఉన్నదని మా అభిప్రాయము.

అయితే చరిత్ర అక్కడ ఆగలేదు. కోలరిడ్జ్ కవియు, వ్యాసకర్త చార్లెస్ లాంబును ఆ నీలికోటు తొడిగి చదివినవారే. లాంబు 1813లో తన బడిని గూర్చి వ్రాయుచు, ఆ ప్రాచీన వేషమే అందలి బాలునికి ఆత్మగౌరవమును పెంచునని వాదించెను. దానచిహ్నముగా మొదలైన కోటు రెండున్నర శతాబ్దములలో గౌరవచిహ్న మైనది. ఆ బడి 1902లో లండను విడిచి ససెక్స్ ప్రాంతపు హోర్షాముకు తరలినది. నీలికోటు, నడుమునకు తోలుపట్టీ, మోకాళ్లవరకు లాగు, పసుపుపచ్చని మేజోళ్లు నేటికిని ఉన్నవి. వానిని బడియే ఉచితముగా ఇచ్చుచున్నది. ఈ శతాబ్దమున ఈ వేషము ఉంచవలెనా తీసివేయవలెనా అని విద్యార్థులనే అడిగినప్పుడు మిక్కిలి ఎక్కువమంది ఉంచుకొందుమనిరి. ధనికుల బిడ్డలు చదువు గొప్ప బడులలో ఇట్టి కట్టడి చాల ఆలస్యముగా, పందొమ్మిదవ శతాబ్దమున గాని స్థిరపడలేదు. పేదవానికి దాత తొడిగిన ఆచారమును ధనికుడు తరువాత తన ఘనతకు గుర్తుగా తెచ్చుకొన్నాడన్నమాట. మన దేశమునకు ఓడలెక్కి వచ్చిన టైయును, కోటును, బూట్లును ఈ రెండవ మార్గమున వచ్చినవే.

అంతకు ముందు మన బడులు ఎట్లుండెడివి? బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. నాటి బళ్లారి జిల్లా తెలుగు, కన్నడములు రెండును నడచిన సీమ. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఉదయము ఆరు గంటలకే బడి మొదలు. మొట్టమొదట వచ్చిన బిడ్డ అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారట, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవానికి వచ్చిన వరుసనుబట్టి ఒక్కొక్కటి ఎక్కువ. క్రమశిక్షణకు లోటులేదని వేరుగా చెప్పనక్కరలేదు! అది నిలుచుటకు ఒకే రంగు గుడ్డ అవసరము కాలేదు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్, ఈ వీధిబడుల పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను చూచి ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, పిదప ఇంగ్లండునకు కొనిపోయెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతి అక్కడ మద్రాసు పద్ధతి యను పేరనే వ్యాపించినది. మన ఇసుక అటు పోయినది; వారి కోటు ఇటు వచ్చినది.

వీధిబడిని పొగడుట మా ఉద్దేశము కాదు. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. పది లక్షలకు చేరువైన జనులున్న జిల్లాలో బడిలోనున్నవారు ఏడువేలైనను లేరని ఆయనయే చింతించెను. అరుగు మీద ఎవరు కూర్చుండవలెనో, ఎవరు కూర్చుండరాదో కులము ముందుగనే నిర్ణయించియుండెను. అందరికి ఒకే దుస్తులు అను మాట అక్కడ పుట్టుటకు అందరు అను మాటయే లేదు.

తూర్పున జపాను కథ వేరు. 1872లో ఆ దేశము అందరికి చదువు అను శాసనము చేసినది. 1879లో టోక్యోలో ప్రభువంశీయుల బిడ్డలు చదువు గకుషుయిన్ పాఠశాల నౌకాదళపు అధికారుల వేషమును పోలిన దుస్తులను నిర్ణయించినది. 1886లో ఇంపీరియల్ విశ్వవిద్యాలయము నల్లని కోటు, నిలువు కాలరు, మెరయు గుండీలు పెట్టినది. దీనినే గకురాన్ అందురు. రాన్ అనగా హాలండు, అనగా పడమటి దేశపు వేషమని వారి వాడుక. లండనులో పేదవాని గుర్తుగా మొదలైనది టోక్యోలో ఉన్నతుల గుర్తుగా మొదలైనది. నమూనా సైన్యము, ఉద్దేశము దేశసేవ. బాలికలు మొదట హకామా అను కుచ్చిళ్ల వస్త్రము ధరించిరి. 1920, 1921 సంవత్సరములలో క్యోటో, ఫుకుఓకా నగరములలోని క్రైస్తవ బాలికా పాఠశాలలు నావికుల కాలరుగల గౌనులను తెచ్చినవి. పరుగెత్తుటకు, ఆటలకు ఆ గౌను హకామాకంటె అనుకూలమైనది. యుద్ధకాలమున గుడ్డ కరువై బాలికలు మోంపే అను వదులు లాగులు తొడిగి కర్మాగారములలో పని చేసిరి.

యుద్ధము ముగిసినను ఆ దుస్తులు పోలేదు. అంతే కాదు, పిల్లలు వానిని తమవిగా చేసికొనిరి. బడి ముగించు నాడు బాలిక తనకు ప్రియుడైన విద్యార్థిని అతని కోటుకుగల రెండవ గుండీ ఇమ్మని అడుగుట అక్కడ ఒక ముచ్చట. ఆ గుండీ హృదయమునకు దగ్గరగా నుండునట. సైన్యపు కోటులోనుండి ఇట్టి ఆచారము పుట్టునని దానిని కుట్టించిన మంత్రులు ఊహించియుండరు. కాని నిర్బంధము దుస్తులతో ఆగదనుట కూడ జపానే చూపినది. తల వెండ్రుకలు పొట్టిగా కత్తిరించుకొనవలెనను బడి నియమముపై కుమామోటోలో ఒక విద్యార్థి కోర్టుకెక్కగా, 1985లో న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేయ నిరాకరించినది. 2018లో టోక్యో గింజా ప్రాంతములోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఇటలీ దేశపు పేరుమోసిన ఆర్మానీ సంస్థచేత దుస్తులు రూపొందింపజేసినది. అన్నియు కొన్నచో సుమారు 80,000 యెన్లు. ఆ వ్యయమును గూర్చి పార్లమెంటులో సైతము ప్రశ్నలు వచ్చినవి. పేదరికమును మరుగుపరచవలసిన వస్త్రమే పేదవానిని గుమ్మము వెలుపల నిలుపుట ఇట్లు.

ఎత్తివేసి చూచిన దేశము కూడ ఒకటి కలదు. దక్షిణ కొరియాలో నల్లని యూనిఫారము జపాను పాలన వదలిపోయిన గుర్తు. 1983లో అక్కడి ప్రభుత్వము ఒక్క ఉత్తర్వుతో దానిని తీసివేసి, పిల్లలు ఇష్టమైన బట్టలు ధరింపవచ్చుననినది. పిల్లలు సంతోషించిరి. కొలదికాలములోనే తల్లిదండ్రులు గొణుగ మొదలిడిరి. తోటివాని బూట్లవంటివే కావలెనని, ఫలానా పేరుగల చొక్కాయే కావలెనని ఇంట పట్టుదలలు పెరిగినవి. బడి మానివేసి తిరుగు పిల్లవానిని వీధిలో గుర్తించుట కష్టమైనదని ఉపాధ్యాయులనిరి. 1986 నాటికి ఈ నిర్ణయమును ఏ బడికి ఆ బడికే విడిచిపెట్టిరి. తరువాతి యేండ్లలో పెక్కు బడులు యూనిఫారమునకే మరలినవి. కాని మరలివచ్చినది పాత నల్లకోటు కాదు. బడి బడికి వేరువేరు రంగుల కోట్లు, గళ్ల లంగాలు. బలవంతముగా తీసివేసిన దానిని జనులు తమంత తాము మరల ఎన్నుకొనిరి గాని, రూపు మార్చి ఎన్నుకొనిరి. ఈ చర్చలో మాకు అన్నిటికంటె ఉపకరించు దృష్టాంతము ఇదియే.

అమెరికా ముచ్చట క్లుప్తముగా చెప్పవచ్చును. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరము 1994లో తన ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలకు యూనిఫారము విధించినది. అల్లర్లు తగ్గినవని అధికారులనిరి. అధ్యక్షుడు క్లింటన్ 1996లో కాంగ్రెసు నుద్దేశించిన ఉపన్యాసములోనే దానిని మెచ్చుకొనెను. 1998లో బ్రన్స్‌మా, రాక్‌మోర్ అను ఇద్దరు పరిశోధకులు దేశవ్యాప్తమైన లెక్కలు పరిశీలించి, హాజరునకు గాని సత్ప్రవర్తనకు గాని యూనిఫారము నేరుగా తోడ్పడినట్లు కనబడలేదని ప్రకటించిరి. చొక్కా మారినంతనే చదువు వచ్చునని నమ్మువారు ఈ మాట వినవలసినదే.

ఇక మన సంగతి. ఒకే వేషము మనవారికి ఆజ్ఞగా గాక ఆశయముగా అనుభవమునకు వచ్చిన కాలము ఒకటి ఉన్నది. 1921లో సహాయనిరాకరణోద్యమమున సర్కారు బడులు విడిచి వచ్చిన విద్యార్థులు ఖద్దరు తొడిగిరి. దానిని విధించినవారెవరును లేరు. వలదని బెదరించినవారే ఉండిరి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వ పాఠశాలలలో తెల్లచొక్కా, ఖాకీ లేక నీలి నిక్కరు, ఆడపిల్లలకు లంగా, పెద్దతరగతులలో ఓణీ వాడుకలోనికి వచ్చినవి. రంగు చెప్పిరే గాని గుడ్డ ఇచ్చినవారు అరుదు. ఉన్న ఒక్క జతను రాత్రి ఉతికి, ఉదయమునకు ఆరకపోయినను తొడిగి వచ్చిన తరములు మన ఇండ్లలో ఇంకను ఉన్నవి.

2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టము చేసినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి కేంద్రము రూపొందించిన నమూనా నియమములలో పాఠ్యపుస్తకములు, వ్రాతసామగ్రితోపాటు యూనిఫారము కూడ బిడ్డకు ఉచితముగా రావలసిన వస్తువైనది. మా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. నీలికోటు దాతది, ఈ చొక్కా బిడ్డ హక్కు. అయినను పంపకములో పాత జాడ పూర్తిగా పోలేదు. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకపు నియమములందు ఎనిమిదవ తరగతివరకు ఏడాదికి రెండు జతలకు బిడ్డకు 600 రూపాయలవరకు కేంద్రపు లెక్క. అది బాలికలందరికి వర్తించును. బాలురలో మాత్రము షెడ్యూల్డు కులముల, షెడ్యూల్డు తెగల, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల వారికి. ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు బాలురలో ఒకనికి గుడ్డ ఇచ్చి మరియొకనికి ఇవ్వక, పిదప ఇద్దరును ఒకటే యని చెప్పుట ఎట్లు? ఆ లోటును రాష్ట్రములు తమ సొమ్ముతో పూరించుకొనవలసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న ఆరంభమైన విద్యా కానుక పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు మూడు జతల గుడ్డ, బూట్లు, మేజోళ్లు, సంచి, పుస్తకములు ఒకే మూటగా ఇచ్చిరి. ప్రభుత్వముతోపాటు పథకము పేరు మారినది; పంపకము ఆగలేదు. తెలంగాణలో సిరిసిల్ల మరమగ్గముల గుడ్డ బడిపిల్లల దుస్తులకు పోవుచు నేతవారికి పని కల్పించినది. 2024లో వానిని కుట్టు పనిని స్వయంసహాయక సంఘముల మహిళలకు అప్పగించిరి. ఊరి బిడ్డ చొక్కాను ఊరి తల్లియే కుట్టుట, కొలత తప్పినచో ఆమెనే అడుగగలుగుట మంచి పద్ధతి.

ప్రైవేటు బడుల తీరు వేరు. బడి చెప్పిన దుకాణములోనే, బడి చెప్పిన ధరకే కొనవలెను. సోమవారమున కొక జత, బుధవారమున కొక జత. రెంటచింతలవంటి ఊళ్లలో మార్చి నెలలోనే రాళ్లు వేగునట్లు ఎండ కాయుచుండగా, ఆరేండ్ల పసివాని మెడకు టై బిగించుట ఏ విద్యాశాస్త్రములో ఉన్నదో మాకు తెలియదు. ఇంగ్లండు చలికి పుట్టిన వేషము కృష్ణాతీరపు ఎండకు గౌరవచిహ్నమగుట వింతయే. ఆ ఇంగ్లండే 2021లో యూనిఫారముల వ్యయమును అదుపులో నుంచుటకు చట్టము చేసికొన్నది. ఇక్కడ మరియొక చిన్న సంగతి. పుట్టినరోజునాడు రంగు దుస్తులతో వచ్చి మిఠాయి పంచుటకు మన బడులలో అనుమతి కలదు. పిల్లలకు అది ఎంత సంబరమో ఎరుగుదుము. కాని కొత్తబట్టలు లేని బిడ్డ ఆనాడు కూడ యూనిఫారములోనే వచ్చును. తరగతి అంతయు దానిని కనిపెట్టును.

బాలబాలికల భేదమును తగ్గించుటకు యూనిఫారమును వాడినవారును ఉన్నారు. కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లో ఆడపిల్లలకు, మగపిల్లలకు ఒకే విధమైన చొక్కాను, మోకాలి పొడవు లాగును పెట్టినది. గౌనులతో పరుగెత్తలేకున్నామన్న చిక్కు తీరినది.

మాకు తోచినది ఇది. ఇచ్చు చేయి ప్రభుత్వముదై, గుడ్డ చవుకదై, ఎండకు తగినదై, తల్లిదండ్రులను అడిగి నిర్ణయించినదై ఉన్నచో యూనిఫారము పేదబిడ్డకు మేలే చేయును. సందేహము మరియొక చోట ఉన్నది. ఆ దుస్తులు లేని బిడ్డను, లేదా వానిపై తన మతాచారమును అనుసరించి మరియొక వస్త్రము ధరించిన బిడ్డను గుమ్మమునుండి వెనుకకు పంపవచ్చునా? ఈ ప్రశ్న 2021 చివర కర్ణాటకలోని ఉడుపి ప్రభుత్వ జూనియరు కళాశాలలో తలెత్తినది. తలపై హిజాబు ధరించిన ముస్లిం బాలికలను తరగతిలోనికి రానీయలేదు. 2022 ఫిబ్రవరి 5న రాష్ట్ర ప్రభుత్వము నిర్ణీత దుస్తులే ధరింపవలెనని ఉత్తర్వు చేసినది. మార్చి 15న హైకోర్టు దానిని సమర్థించినది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఏకీభవింపలేదు. విద్యార్థులందరిని ఒక్కటిగా నిలుపు నియమమునకు మినహాయింపు అక్కరలేదని జస్టిస్ హేమంత్ గుప్తా తీర్పు. బాలిక తలపై ఏమున్నదనుటకంటె ఆమె చదువు సాగుట ముఖ్యమని, ఎన్నో అడ్డంకులు దాటి బడికి వచ్చు బిడ్డ బ్రతుకును ఇంకను కష్టపెట్టరాదని జస్టిస్ సుధాంశు ధూలియా తీర్పు. ఈ విషయములో మా మనస్సు రెండవ తీర్పువైపే మొగ్గును. మొదటి దానిలోని సమత్వకాంక్షను తక్కువ చేయుట మా అభిమతము కాదు. వ్యాజ్యమును విస్తృత ధర్మాసనమునకు అప్పగించుటకై ప్రధాన న్యాయమూర్తి ఎదుట ఉంచవలసినదని ఇరువురును ఆదేశించిరి. అప్పటికే ఆ యేటి పరీక్షలు ముగిసినవి. వ్యాజ్యము వేసిన బాలికలలో కొందరు పరీక్షా కేంద్రము వరకు పోయి, పరీక్ష వ్రాయకయే తిరిగి వచ్చిరి.